మేఘాల కోసం ఒక ఇత్తడి రింగు

పోయిన వారం మా మనుమరాలి పేరున ఒక పార్సిలు వచ్చింది. పెద్ద అట్టపెట్టె, అందులో బోలెడంత గాలి సంచుల ప్లాస్టిక్కు, అదంతా విప్పగా విప్పగా చివరికి అరచేతిలో ఇమిడే చిన్న డబ్బీ. దాంట్లోంచి నల్లటి సన్నటి చుట్టొకటి తీసి, తన కెమెరా లెన్సు మూతికి ఆనించి తిప్పబోతూ, "తాతా, ఇదు సరిగ్గా ఫిట్ ఆగుమా? నువ్వు చూడేన్" అని, అది సరిపోతుందో లేదో చూడమని తెలుగూ తమిళమూ కలిపి అడిగింది. మా ఇంట్లో ఈ కాలపు పిల్లలందరిదీ అదే భాష కనుక నేను దాన్ని దిద్దడం ఎప్పుడో మానేశాను. ఆ చుట్టును చేతిలోకి తీసుకుని, లెన్సు మూతి మీద పెట్టి, ముందుగా వెనక్కి తిప్పాను. టక్కుమని చిన్న చప్పుడు చేసి మర కుదురుకున్నాక, అప్పుడు ముందుకు తిప్పాను. వెన్న మీద వేలు జారినట్టు ఎక్కింది. ముందు వెనక్కెందుకు తిప్పావని ఆ పిల్ల అడిగింది. నాకు నేర్పినవాడు అలా నేర్పాడని చెప్పి ఊరుకున్నాను, కానీ ఆ చప్పుడు మాత్రం ఆ రోజంతా నా చెవిలోనే ఉండిపోయింది.

నా వయసువాళ్ళలో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు రెండు ముక్కలు. లెన్సు ముందు బిగించే రంగు అద్దపు బిళ్ళను ఫిల్టరు అంటారు. ఒక్కో లెన్సు మూతి ఒక్కో కొలతలో ఉంటుంది, ప్రతి కొలతకూ ఒక ఫిల్టరు కొనాలంటే మాబోటివాళ్ళకు తలకు మించిన పని, అందుకని ఉన్న ఒక్క ఫిల్టరునే అన్నిటికీ వాడుకోవడానికి మధ్యలో ఒక రింగు వేసుకుంటాం. రింగుకు ఒక వైపు లెన్సు కొలత, రెండో వైపు ఫిల్టరు కొలత, అంతే సంగతి. ఇప్పుడైతే వేలు నొక్కితే ఇంటికొస్తోంది గానీ, అప్పట్లో మద్రాసులో అలాంటివి దుకాణాల్లో దొరికేవి కావు. చేయించుకోవలసిందే.

మా ఇల్లు చూలైలో. వీధి చివర సందులో ఒక లేత్ షాపు ఉండేది. అందులో మేస్త్రీ వ్యాసర్పాడి నుంచి సైకిలు మీద వచ్చేవాడు, రైల్వే పనిముట్లు చేసి చేసి చేతులు కాయలు కాచిన మనిషి, మా తెలుగువాడే. పంపు వాషర్లూ కుట్టుమిషను చక్రాలూ చేసుకునే ఆయనకు నా రింగులంటే అదొక ముచ్చట. లెన్సునూ ఫిల్టరునూ రుమాలులో మూటగట్టుకుని పోతే, చేతులు రెండుసార్లు కడుక్కుని గానీ ముట్టేవాడు కాదు. ఇత్తడి కడ్డీని లేతుకు బిగించి, పొట్టు రాలుతూ ఉంటే మధ్యమధ్య ఆపి, మరకు కొవ్వొత్తి మైనం పూసి, ఎక్కించి, దించి, మళ్ళీ ఒక వెంట్రుకవాసి చెక్కేవాడు. వెనక్కి తిప్పి చప్పుడు విని ముందుకు తిప్పే పద్ధతి ఆయనదే. "బలం పెట్టి ఎక్కించేది మర గాదు నైనా, అది దానంతట అది పోవాల" అనేవాడు. ఆ రోజుల్లో నేను మైలాపూరులో ఒక ఫోటో స్టూడియోలో పని చేస్తూ, బడులూ ఆఫీసులూ తిరిగి గ్రూపు ఫోటోలు తీసేవాణ్ణి. మా స్టూడియోలో నాకంటే అనుభవమున్నవాళ్ళు కూడా నా ఇత్తడి రింగులు అడిగి పట్టుకుపోయేవాళ్ళు. దాంతో నాకు కొంచెం తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

అసలు నేను ఆ ఉద్యోగంలో చేరగలిగానంటే దానికి కారణం మా అత్త, అంటే మా నాయనకు అక్క. మా ఇంట్లో అందరిదీ పప్పుల టోకు వ్యాపారం. మగపిల్లవాడు పుడితే కొట్లో వాడు కూర్చోవలసిన మెత్త కూడా అప్పుడే సిద్ధమైనట్టు లెక్క. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికొచ్చిన మా అత్త, ఇంట్లో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి, ఒకే ఒక్కసారి మా నాయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, "వీడి చెయ్యి తరాజు పట్టే చెయ్యి గాదబ్బా, పోనియ్యి" అన్నది. మా నాయన మజ్జిగ కలుపుకుని లేచిపోయాడు. మర్నాడు నేను మైలాపూరు వెళ్ళాను. నాకు తల దువ్వి, అక్షరాలు దిద్దించి, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది కూడా ఆమే. మా అమ్మకు నలుగురు చిన్నపిల్లలతో ఊపిరాడేది కాదు.

మా తాతకు ఎనభై ఏళ్ళు నిండినప్పుడు ఇంట్లో సదాభిషేకం చేశారు. ఎక్కడెక్కడి బంధువులూ వచ్చారు. మిద్దె మీద గ్రూపు ఫోటో తీయాలన్నారు, తీసేవాణ్ణి నేను ఇంట్లోనే ఉన్నాను కదా. మా అత్త ఎప్పుడూ ఫోటోకు నిలబడేది కాదు. శుభకార్యాల పటాల్లో తన మొహం ఉండకూడదని ఆమెకెవరు చెప్పారో, ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నదో నాకు తెలియదు. కెమెరా కనబడితే చాలు, ఆమెకు వంటింట్లో ఏదో ఒక పని గుర్తొచ్చేది. నేను వారం రోజులు ఆమె వెంటబడి, నీ తండ్రి పటంలో నువ్వు లేకపోతే నేను బటన్ నొక్కనే నొక్కనని బెదిరించి, బతిమాలి, ఎట్టకేలకు ఒప్పించాను. ఒప్పుకున్నాక ఆమె ఏం చేసిందనుకున్నారు? పెట్టె అడుగున దాచుకున్న బూడిదరంగు పట్టుచీర తీసి ఎండలో ఆరేసింది.

మా మిద్దె చిన్నది, మనుషులు నలభై మంది. నా లెన్సుకు సగం మంది కూడా పట్టరు. మా స్టూడియో యజమాని దగ్గర వెడల్పాటి దృశ్యం పట్టే లెన్సు ఒకటి ఉండేది, దాన్ని ఆదివారానికని చెప్పకుండా తెచ్చుకున్నాను. చెప్పకుండా తెచ్చుకోవడం అనే పనికి ఇంకో పేరుందని నాకు తెలుసు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నలుపు తెలుపు ఫిల్ములో ఆకాశం ఉత్త తెల్ల కాగితంలా వస్తుంది, పసుపు ఫిల్టరు పెడితే ఆకాశం కాస్త నల్లబడి మేఘాలు విడిగా కనబడతాయి. నాకు మేఘాలు కావాలి. మా తాత వెనకాల మేఘాలుంటే స్టూడియోలో అందరూ నోరు తెరుచుకుని చూస్తారు. కానీ ఆ లెన్సు మూతి నా ఫిల్టరు కంటే పెద్దది. మేస్త్రీ దగ్గరికి పోతే ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తల అడ్డంగా ఆడించాడు. "చిన్న మూతికి పెద్ద బిళ్ళ పెడితే ఏ తంటా లేదు నైనా. నువ్వు పెద్ద మూతికి చిన్న బిళ్ళ పెడతా ఉండావు. ఓరమంతా, ఈ అంచులంతా తినేస్తాది, చూసుకో" అన్నాడు. ఫోటోల సంగతి నాకా చెప్పేది అని లోపల అనుకుని, మీరు చేసివ్వండి మేస్త్రీ, నేను చూసుకుంటానని పైకి అన్నాను.

చూసుకున్నాను కూడా. అదే విడ్డూరం. కెమెరా కంటి దగ్గర కన్ను పెట్టి నాలుగు మూలలూ చూస్తే అంతా బాగానే ఉంది. మా తాతా అవ్వా నడుమ కుర్చీల్లో, అటూ ఇటూ పెద్దమగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు, ముందు జంపకానా మీద పిల్లలు, వెనక వరస ఎడమ కొసన, నీళ్ళ తొట్టి పక్కన, మా అత్త. ఇంకా కొంచెం లోపలికి జరగమన్నా జరగలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గడ్డం కాస్త పైకెత్తి, బళ్ళో పిల్లలాగా ఊపిరి బిగబట్టి నిలబడింది. మూడు సార్లు నొక్కాను. కెమెరాలోంచి మనం చూసేటప్పుడు లెన్సు కన్ను పూర్తిగా తెరుచుకుని ఉంటుందనీ, ముందు పిల్లల్నించి వెనక వరస దాకా అందరూ స్పష్టంగా రావాలని నేను పెట్టిన చోటికి అది బటన్ నొక్కిన క్షణంలోనే మూసుకుంటుందనీ, అప్పుడు అంచున లీలగా ఉన్న నీడ గట్టిపడి నల్లటి గోడ అవుతుందనీ నాకు తెలుసు. తెలిసిన సంగతి ఆ వేళకు గుర్తు రాలేదు. నేను మేఘాల్ని చూస్తున్నాను.

మర్నాడు స్టూడియో చీకటి గదిలో కాగితాన్ని మందు నీళ్ళలో వేసి ఊపుతుంటే, ఇంకా ఒక్క మొహమైనా రాకముందే నాలుగు మూలలూ నల్లబడ్డాయి. తరవాత మేఘాలొచ్చాయి, మా తాత వచ్చాడు, పిల్లలొచ్చారు. కుడి మూల నలుపులో బట్టలారేసే స్తంభం పోయింది, దానికేం గాని, ఎడమ మూలలో మా అత్త పోయింది. నీళ్ళ తొట్టి అంచు వరకూ ఉంది, ఆ తరవాత ఏమీ లేదు. మిగతా రెండు ఫిల్ము ముక్కలూ వెలుతురుకు పెట్టి చూశాను. మూడింటిలోనూ అంతే.

ఇంట్లో పటం చూసి అందరూ మేఘాల్నే పొగిడారు. మా తాతైతే స్వర్గం దగ్గరికొచ్చినట్టుందని నవ్వాడు. మూలలెందుకు నల్లగున్నాయని మా నాయన అడిగితే, ఫిల్ములోనే దోషమున్నట్టుందని చెప్పాను. రింగు సంగతి చెబితే లెన్సు సంగతి వస్తుంది. మా నాయనకూ మా యజమానికీ మాటలున్నాయి, లెన్సు సంగతి పొక్కితే నా ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఆ మెత్త నాకోసం అక్కడే ఉంది. మా అత్త పటాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు ఎడమ వైపు చూసింది. ఆ తరవాత కొంగుతో అద్దం తుడిచి నాకిచ్చేసి, "నేను చెప్తే విన్నావా నాయనా? నా మొకం పటానికి ఒప్పదు" అని మెల్లగా వంటింట్లోకి పోయింది. నా తప్పని ఒక్క మాట అంటే సరిపోయేది. నోట్లో నాలుక ఉండి కూడా అనలేదు.

ఆ తరవాత తొమ్మిదేళ్ళు ఆమె ఏ పటానికీ నిలబడలేదు. ఇంతకుముందు తప్పుకునేది, ఇప్పుడు భయపడేది. నా పెళ్ళిలో పీటల పక్కన నిలబడమంటే, నేనొస్తే మీ పటం చెడిపోతుందని వెనక గదిలో కూర్చుని ఆకూ వక్కా సర్దింది. నా పెళ్ళి పటాలు నూరున్నా నన్ను పెంచిన మనిషి ఒక్కదాంట్లోనూ లేదు. ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనుకునేవాణ్ణి. చెప్పడం ఎంత ఆలస్యమైతే అంత కష్టమవుతుందని మీకు తెలియనిది కాదు.

మా అమ్మాయి నామకరణం నాడు మా అత్త పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏదో పాడుతోంది. మా తమ్ముడు కెమెరా ఎత్తాడు. అంతే, నిప్పు తగిలినట్టు లేచి, పాపను మా ఆవిడ చేతిలో పెట్టి, గోడ వారకు జరిగిపోయింది. పసిదానికి తన వల్ల ఏమవుతుందోనన్న బెదురు ఆ కళ్ళలో కనబడింది. మధ్యాహ్నం చుట్టాలంతా పోయాక, మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తున్న ఆమె దగ్గరికి ఆ ఇత్తడి రింగు తీసుకుని పోయాను. లెన్సు తెచ్చిన సంగతీ, మేస్త్రీ వద్దన్న సంగతీ, మేఘాల సంగతీ, అబద్ధం సంగతీ అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. చెబుతూ ఏడ్చాను, దాచడమెందుకు. ఆమె రింగును వేళ్ళతో తిప్పి చూసి, కంటికి పెట్టుకుని, దాంట్లోంచి నన్ను చూసింది, ఎదురింటి మిద్దెను చూసింది.

"ఇంతేనా?" అన్నది.

ఇంతేనన్నాను.

"ఆ మాట ఆ పొద్దే చెప్పుంటే నేను నడిమధ్యన నిలబడుందును గదరా."

కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే నాకు కొంచెం తేలికయ్యేది. బట్టలు నా చేతిలో పెట్టి, తల సవరించుకుని, పోయి పాపను ఎత్తకరమ్మన్నది. నీళ్ళ తొట్టి పక్కన కాదు, మిద్దె నట్టనడుమ నిలబడి, ఆ రింగు తీసేసినావా, నిజంగా తీసేసినావా అని మూడు సార్లు అడిగి, అప్పుడు నవ్వింది. ఆ పటం బాగా వచ్చింది. జుట్టంతా తెల్లబడి, ముందు పన్ను ఒకటి లేకుండా, చేతుల్లో నా కూతురుతో మా అత్త. ఆమెది అదొక్కటే ఉంది మా ఇంట్లో. నాకు తల దువ్విన అత్త, మా నాయన ఎదురుగా కూర్చుని నా కోసం అడిగిన నల్లజుట్టు అత్త, ఎక్కడా లేదు.

ఆనాటి పాప కూతురే ఇప్పుడు రింగు తెప్పించుకున్నది. చిన్న మూతికి పెద్ద బిళ్ళే పెడుతోంది, చూశాను, ఫరవాలేదు. ఇప్పుడు తీసిన ఫోటో అప్పుడే తెర మీద కనబడుతుంది. మూల నల్లబడితే అందరూ ఒకేసారి అరిచి మళ్ళీ తీయిస్తారు, లేదా వేలితో ఒక నొక్కు నొక్కితే ఆ నలుపు అదే పోతుందట. పటం తీసినవాడు నిజం దాస్తే, తప్పు తన మొహానిదేననుకుని లోపలికి పోయే మనుషులు ఇక ఉండరు. మంచిదే కదా. మా కాలమే గొప్పదని దెబ్బలాడే ముసలాణ్ణి నేను, ఈ ఒక్క విషయంలో మాత్రం నోరెత్తను. మా తాత పటం ఇప్పటికీ హాలులో ఉంది. మనుమరాలు దాన్ని తన ఫోనులోకి ఎక్కించుకుని ఎడమ మూలను ఎంత వెలిగించినా బూడిదరంగు తప్ప ఏమీ రాలేదు. దుమ్ము పడితే నేనే తుడుస్తాను, నీళ్ళ తొట్టి అంచు దాటి, ఆమె గడ్డం ఎత్తి నిలబడిన చోట చెయ్యి కాసేపు ఆగుతుంది. మేఘాలు మాత్రం చాలా బాగా వచ్చాయి.