మిల్లు ఆసామిగారింటికి పరామర్శ

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, తొంభైల చివర, అమ్మ కుడిచెయ్యి పడిపోయింది. నాన్న పోయాక మా ఇల్లు నడిచింది ఆ చేత్తో అల్లిన లేసు మీదే. నరసాపురం ప్రాంతంలో ఆడవాళ్లకి అదొక్కటే ఆధారం. పక్షవాతమని చెప్పిన డాక్టరు, "వేళ్లు బిగుసుకుపోకముందే కరెంటు పెట్టించండి. ఆలస్యమైతే మళ్లీ విచ్చుకోవు" అన్నాడు. కరెంటు పెట్టే మిషను టౌనులో సర్కారు ఆసుపత్రిలో ఉంది, ఉచితం. ఆ మాట విన్నాకే అమ్మ ఏడుపు ఆపింది.

వారాల తరబడి బస్సెక్కి వెళ్లాం. ఎప్పుడెళ్లినా మిషను గదికి తాళం. బయట బల్లమీద మాలాంటివాళ్లే: కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం పోయిన దింపు కూలీ, కాలీడ్చుకుంటూ వచ్చే ముసలమ్మ, ఇంకొందరు. "డాక్టరుగారు క్యాంపుకెళ్లారమ్మా" అనేది ఆయా. ఏం క్యాంపో ఒకరోజు విసుగెత్తి ఆవిడే చెప్పేసింది. రైసుమిల్లు ఆసామికీ పక్షవాతం వచ్చిందట. కరెంటు పెట్టే డాక్టరు రోజూ ఆసుపత్రి మిషను కారులో వేసుకుని ఆయనింటికి వెళ్తున్నాడట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!

నాకు ఒళ్లు మండిపోయింది. "పదండి, అక్కడికే పోదాం" అన్నాను.

"గేటు దగ్గరే తరిమేస్తారమ్మా" అన్నాడు దింపు కూలీ.

అప్పుడు అమ్మ నోరు విప్పింది. "వైద్యానికని వెళ్తే తరుముతారు. పరామర్శకని వెళ్తే ఎవరు తరుముతారండి?"

దారిలో అరటిపళ్లు కొన్నాం. కుంటుకుంటూ, ఒకరినొకరు పట్టుకుంటూ రెండు వీధులు నడిచాం. "ఆయ్, అయ్యగారిని చూసెళ్దామని వచ్చామండి" అంటే, చేతుల్లో పళ్లు చూసి కాపలావాడు గేటు తీశాడు. లోపల ఇంటినిండా చుట్టాలు. ఆసామి మంచంమీద ఉన్నాడు, చేతికి వైర్లు. మిషను మీద తెల్లరంగుతో ఆసుపత్రి పేరు.

"ఎలా ఉందండి అయ్యగారికి?" అని అడిగి, అమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది. పడిపోయిన చేతిని ఎత్తి ఆయన చేతి పక్కనే పెట్టింది. "డాక్టరుగారూ, అయ్యగారిది అయ్యాక నాదండి. నా వెనకాల వీళ్లంతా ఉన్నారు."

చుట్టాల్లో ఒక పెద్దావిడ వంగి చూసి, "అదేంటి, ఇది ఆసుపత్రి మిషనా?" అంది. ఆసామి భార్య మొహం మాడిపోయింది. ఆ మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది. డాక్టరు చెమటలు కక్కుతూ అందరికీ అక్కడే కరెంటు పెట్టాడు.

మర్నాటినుంచి ఆసుపత్రి గది తెరిచే ఉంది. కానీ అప్పటికే ఆలస్యమైంది. అమ్మకి బొటనవేలు కదిలింది, మిగతావి విచ్చుకోలేదు. మళ్లీ లేసు అల్లలేదు. ఆసామి మాత్రం పూర్తిగా కోలుకున్నాడు. సాయంత్రాలు మిల్లు ముందు పచార్లు చేసేవాడు. "పోనీలే, మనసులో పెట్టుకోకు" అని చుట్టుపక్కలవాళ్లు అమ్మకి నీతులు చెప్పారు. ఆవిడ పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

మా బస్సు ఆగేది ఆ మిల్లు దగ్గరే. అమ్మ దిగి, నలుగురూ చూస్తుండగా ఆయనకి ఎదురెళ్లి, "నమస్కారమండి అయ్యగారూ" అనేది, ఎడంచెయ్యి ఎత్తి. తప్పు పట్టడానికి ఆయనకి నోరెక్కడిది? బదులుగా తన కుడిచెయ్యి ఎత్తక తప్పేది కాదు. ఆ చెయ్యి మళ్లీ కిందికి దిగేదాకా అమ్మ దాన్నే చూస్తూ నిలబడేది.