పొడిచే గిత్త కొడుకు

నన్ను చూసుకోవడానికి పెండ్లివాళ్లు వచ్చిన రోజే మా గిత్త పలుపు తెంపుకుంది.

మాది నంద్యాల పక్కన వరి పండే పల్లె. డిగ్రీ అయ్యాక నేను నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఇంట్లోకి ట్రాక్టరు వచ్చి చాన్నాళ్లయినా నాయన పశువుల్ని వదల్లేదు. కొట్టంలో ఒక తెల్లావు, దాని కొడుకు ఈ గిత్త ఉండేవి. ఆవు మా అమ్మ చేతికి తప్ప పాలిచ్చేది కాదు. ఇంకెవరైనా చెంబు పట్టుకొని దగ్గరికి పోతే చెంబు ఒక చోట, మనిషి ఒక చోట పడాల్సిందే. దాని తల్లి కూడా ఇంతేనని మా జేజి, అంటే నాయన తల్లి, కాస్త గర్వంగానే చెప్పేది. గిత్త వాటిని మించిపోయింది. కొత్త మొహం కనబడితే చాలు, ముందుకాలితో నేల గీరి తల వంచేది. పోస్టు తెచ్చే మనిషి మా ఇంటి ఉత్తరాలు ఎదురింట్లో ఇచ్చిపోయేవాడు.

ఆళ్లగడ్డ దాటాక రుద్రవరం వైపు పల్లె నుంచి కారులో వచ్చారు వాళ్లు. పెండ్లికొడుకు, వాళ్లమ్మ ముందు దిగి లోపలికి వచ్చేశారు. వాళ్ల నాయన పంచె సర్దుకుంటూ వెనకబడ్డాడు. అప్పుడే గడ్డివామి వెనక నుంచి గిత్త వచ్చింది. ఆయన వాకిలి వైపు చూశాడు, దూరం. పక్కనే ట్రాక్టరు ట్రాలీ ఉంది. ఆ వయసులో, ఆ తెల్లపంచెతో, ఒక్క ఊపున ట్రాలీ ఎక్కేశాడు. గిత్త కొమ్ములతో ట్రాలీని గుద్దితే ఆ మోత వీధంతా వినబడింది.

నేను లోపలి గదిలో సగం కట్టిన చీరతో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఈ సంబంధం పోయినట్టే అనుకున్నాను. అయినా నవ్వు ఆగలేదు.

పైన నిలబడ్డ మనిషి మొహంలో మాత్రం భయం లేదు. ట్రాలీ అంచు పట్టుకొని వంగి, గిత్త మూపురం, గంగడోలు, కాళ్లు తీరిగ్గా చూశాడు. తర్వాత మా ఇంటి వైపు తిరిగి గట్టిగా అడిగాడు.

"తల్లి యాడుంది?"

గడపలో ఉన్న మా అమ్మ, పెండ్లికూతురి తల్లిని పిలుస్తున్నాడనుకుంది. కొంగు సర్దుకొని చేతులు జోడించింది.

"నేనేనన్నా. ఏమనుకోవద్దండి, లోపలికి రాండి."

"నువ్వు కాదమ్మా! ఈ గిత్తను కన్న ఆవు యాడుందీ అంటాండా!"

ఇల్లంతా ఒకటే నవ్వు. అమ్మ మొహం ఎర్రబడింది. ఆ కోపం గిత్త మీద చూపించింది. విసవిసా పోయి ముకుతాడు పట్టుకొని, "ఏందిరా నీ యవ్వారం? నడువు," అంది. అది తల దించుకొని ఆమె వెంట కొట్టంలోకి పోయింది. ట్రాలీ మీది మనిషి అదీ చూశాడు.

దిగాక ఆయన మేము పరిచిన జంపఖానా మీద కూర్చోలేదు. నాయనను తీసుకొని నేరుగా కొట్టానికి పోయాడు. కాఫీ కూడా అక్కడికే పంపించాం. ఇంట్లో నన్ను తెచ్చి పెండ్లికొడుకు ఎదురుగా కూర్చోబెట్టారు. ఆయన తల వంచుకొని కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుతాడని చెప్పారు. చాలాసేపటికి నోరు విప్పి, పక్కవాళ్లకు కూడా వినబడనంత మెల్లగా, "మీ గిత్త ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు.

"కొత్తోళ్లను చూస్తేనే."

"నన్నింకా చూడలేదు కదా?"

"అందుకే ఈడ కూర్చోగలిగినారు."

నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చింది.

వెళ్లేముందు పెద్దాయన నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "బావా, పిల్ల మాకు నచ్చింది. ఇంకొకటి అడుగుతా, కాదనొద్దు. మా ఆవును మీ గిత్త దగ్గరికి తోలుకొస్తా."

"అప్పుడే బావా అంటాండావే!" అన్నాడు నాయన.

"మరి ఇంగేమనాలప్పా?"

ఆయన తాపత్రయం నాకు పెండ్లయ్యాకే అర్థమైంది. మా మామకు బండలాగుడు పందేలంటే ప్రాణం. కానీ ఆ ఇంటి పశువులు తరతరాలుగా సాధువులు. చిన్నపిల్లలు ఆవులకు ఆనుకొని నిద్రపోయేవాళ్లు. నేను కొట్టంలోకి పోతే కసువు ఊడ్చుకోవడానికి అవే పక్కకు జరిగి చోటిచ్చేవి. అట్లాంటి ఆవులకు పుట్టిన ఎడ్లు పందెంలో డప్పు మోగగానే నిలబడిపోయి, వెనక్కి తిరిగి మామ మొహం చూసేవట. మంచి బలం ఉన్నా పౌరుషం లేదని ఆయన బాధ.

అనుకున్నట్టే ఆవును మినీ లారీలో మా పుట్టింటికి తీసుకుపోయి వచ్చారు. అది చూడి కట్టింది. మరుసటి ఏడు కోడెదూడ పుట్టింది. మామ ఊరంతా బెల్లం పంచాడు.

ఆ తర్వాత మొదలైంది పరీక్ష. రోజూ పొద్దున్నే దూడ ముందు నిలబడి భుజం మీది టవలు ఊపేవాడు, కుమ్ముతుందేమోనని. అది టవలు అంచు నోట్లో పెట్టుకొని నమిలేది. ఉరిమి చూసేవాడు. ఆయన చెయ్యి నాకేది.

"నువ్వు సైన్సు చదివినావు కదమ్మా. బుద్ధి తల్లిది వస్తాదా, తండ్రిది వస్తాదా?" అని నన్ను అడిగాడు ఒకరోజు.

"ఇద్దరిదీ వస్తాది మామా. పెంపకంతో కూడా మారతాది."

"ఇంతేనా కాలేజీలో చెప్పింది?" అని నిట్టూర్చి, మా అమ్మకు ఫోను చేశాడు.

"ఏం చెల్లెమ్మా, మీ గిత్త పోలిక ఒక్కటి గూడా రాలేదే!"

"మీ ఇంటి గాలి తగిలింటాదిలే అన్నా," అంది అమ్మ. అవతల నాయన నవ్వడం మాకు వినబడింది.

దూడ గిత్త అయింది. ఒళ్లు మాత్రం అచ్చం తండ్రిదే. దానికి జోడీగా మామ పాములపాడు నుంచి ఇంకో గిత్తను తెచ్చాడు. అది నిప్పు. కాడి కట్టగానే ఎగిరేది, పక్కకు లాగేది. మా గిత్త మాత్రం కదలకుండా నిలబడేది. ఎగిరెగిరి అలిసిపోయి రెండోది కూడా దాని పక్కన సర్దుకునేది. కొన్నాళ్లకు రెండూ ఒకే అడుగు వెయ్యడం నేర్చుకున్నాయి. మామ మొహంలో దిగులు పోయి ఆలోచన వచ్చింది. "దీనికి కోపం లేదు గానీ, కోపాన్ని పక్కనే పెట్టుకొని బతకడం తెలుసు," అన్నాడు. అత్త ఆయనను ఎగాదిగా చూసి, "నాకూ తెలుసు," అంది.

ఆళ్లగడ్డ దగ్గర ఒక తిరునాళ్లలో పాలపళ్ల పందెం పెట్టారు. ఇంకా పాలపళ్లు రాలని గిత్తలకు అది. అమ్మా నాయనా కూడా వచ్చారు. మాకంటే ముందు దిగిన జోడీ మంచి కోపిష్టివి. డప్పుల మోతకు రేగిపోయి బండను పక్కన గీసిన గీత దాటించి జనం వైపు లాగాయి. మేమంతా చీరలు ఎత్తిపట్టుకొని పరుగు తీశాం.

తర్వాత మావి. డప్పు మోగింది. పాములపాడు గిత్త ఎగరబోయింది. మాది ముందుకాలితో నేల గీరింది. మెల్లగా తల వంచింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వచ్చిందే! వాళ్ల నాయన బుద్ధి వచ్చిందే!" అంది, సంతోషమో భయమో తెలియని గొంతుతో.

అది ఎవరినీ పొడవలేదు. వంచిన తలతోనే కాడిలోకి బరువంతా వేసింది. జోడీది దాంతో అడుగు కలిపింది. బండ కదిలింది. ఆగకుండా ఆ చివర దాకా పోయి, తిరిగి వచ్చింది. మామ కూడా బండ పక్కన పరుగెత్తాడు, పంచె ఊడితే ఒక చేత్తో పట్టుకొని మరీ.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది వచ్చినా అంతకంటే ఎక్కువ గొడవ చేసేవాళ్లం కాదు. ట్రాలీలో ఇంటికి వచ్చేటప్పుడు అమ్మకూ మామకూ వాదన పడింది. లాగింది తండ్రి పౌరుషమని అమ్మ, గీత దాటకుండా లాగింది తల్లి నిదానమని మామ. నాయన, అత్త ఒకరికొకరు వేరుశనక్కాయలు అందించుకుంటూ కూర్చున్నారు.

ఆ గోలలో మా ఆయన గొంతు నాకు వినబడలేదు. మామూలుగానే వినబడదు కాబట్టి పట్టించుకోలేదు. ఇంటికి వచ్చాక ఆయన మంచినీళ్లు అడగబోతే గాలి తప్ప మాట రాలేదు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, జనంలో నిలబడి బండ కదిలినంతసేపూ అరిచాడట. పక్కవాళ్లు చెబితే తెలిసింది.

మరునాడు ఆదివారం, పెండ్లయ్యాక నేను చేరిన ఆళ్లగడ్డ బడికి సెలవు. దుకాణంలో ఆయన బదులు నేను కూర్చున్నాను. శనగ విత్తనాల కోసం వచ్చిన ప్రతి మనిషీ పందెం సంగతే అడిగాడు. నేను చెబుతూ ఉంటే ఆయన నా పక్కనే కూర్చొని పసుపు వేసిన వేడినీళ్లు తాగుతూ, ఎక్కడైనా తొందరపడి దాటేస్తే చేత్తో ఆపేవాడు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పేదాన్ని. బండ కదిలే చోటికి వస్తే చాలు, గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ పైకెత్తేవాడు.