అమెరికా కర్రకు బిగించిన పట్టు దారం

నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. గ్యాస్ ఆపానో లేదోనని ఎక్కిన బస్సు దిగి వెనక్కి వచ్చే రకం. అలాంటివాణ్ని, మా మామకు గాలం కర్ర తయారుచేసి ఇస్తానని ఎందుకు మాటిచ్చానో ఇప్పటికీ అర్థం కాదు.

మామ అంటే అమ్మ తమ్ముడు. చాకవేలు దగ్గర సేద్యం. చెరువులో చేపలు పట్టడం నాకు నేర్పింది ఆయనే. ట్రాక్టరు మీది నుంచి పడి కుడి మణికట్టు విరిగితే చిక్కబళ్ళాపురంలో ప్లేటు వేశారు. ఆ తర్వాత రెండేళ్ళు గాలం ముట్టలేదు. "ఈ చెయ్యి ఇంగ దేనికీ పనికిరాదప్పా" అనేవాడు. ఆ చేత్తో ఒక్క పెద్ద చేపను ఆపగలిగితే ఆ మాట మానేస్తాడని నా ఆశ.

చింతామణిలో నాది గాలం సామాన్ల చిన్న కొట్టు. బెంగళూరు నుంచి చేపలకు వచ్చే ఒకాయన ఊరు మారుతూ రెండు బ్లాంకులు ఇచ్చిపోయాడు. బ్లాంకంటే పిడీ, గాలం దారం దూర్చే రింగులూ లేని ఉత్త కర్ర. ఒకటి బ్రిటన్‌ది, పన్నెండడుగులు, రెండు సమాన ముక్కలు. ఎన్ని పౌండ్ల బరువు కడితే కొన పావు వృత్తంలా వంగుతుందో దాని మీదే రాసుంది. కట్టి చూస్తే కొన నుంచి పిడి దాకా తీరిగ్గా వంగింది. అమెరికాది ఏడడుగులు, ఒకే ముక్క. ఎంత గట్టి గాలం దారం వాడాలో, ఎంత బరువు ఎర విసరాలో రాశారు గానీ వంపు లెక్క లేదు. పైభాగం మాత్రం చటుక్కున వంగింది, కింద గడ్డపారలా నిలబడింది. లోపల బోలు, గోడ పలుచన, బరువు తక్కువ. పన్నెండడుగుల కర్ర మామ మణికట్టును మెలిపెడుతుందని భయపడి అమెరికాదే ఎంచుకున్నాను.

రింగులు కట్టడానికి అందరూ నైలాన్ దారం వాడతారు. మాది గూళ్ళ నుంచి పట్టు తీసే ఇల్లు కాబట్టి నేను పట్టు దారమే వాడతాను. చిన్నప్పుడు దారం సడలితే అమ్మ వేళ్ళ మీద ఒక్కటేసేది. ఆ అలవాటు చొప్పున, పలుచని గోడకు అంత బిగింపు కూడదని తెలిసీ లాగాను. మూడో రింగు దగ్గర టిక్కుమంది.

విప్పి చూడాల్సింది. విప్పితే పగులు కనబడుతుందేమోనని విప్పలేదు. వార్నిష్ పూసేశాను.

ఆదివారం ఇద్దరం చెరువుకు పోయాం. మామ కర్రను గాల్లో ఆడించి, "బలే తేలిగ్గా ఉండాది రా" అని మురిసిపోయాడు.

"ఏం రా, మొగం అట్ల పెట్టినావు?"

"ఏం లేదు మామా. ఎండ."

పది గంటలప్పుడు పెద్ద కట్ల చేప పడింది. రీలు గిర్రున తిరిగింది. మామ ఎడమ చేత్తో సాయం పట్టబోయి, మానుకుని, కుడిచేత్తోనే ఆపాడు. నేను ఆ చేతిని చూడనేలేదు, మూడో రింగునే చూస్తున్నాను. కర్ర విరిగి ముక్క ఆయన కంట్లో గుచ్చుకుంటుందని, ఆ కుదుపుకు ప్లేటు కదులుతుందని ఒకటే దడ. చేప రెండోసారి గుంజగానే అరిచాను.

"మామా, కర్ర దించు! దారం వదిలెయ్! విరుగుతాది!"

దించాడు. దారం సడలింది. చేప గాలం వదిలించుకుని పోయింది.

ఆ టిక్కు సంగతి అప్పుడు చెప్పాను. ఆయన తిట్టలేదు. మణికట్టు రుద్దుకుంటూ నీళ్ళ వైపు చూశాడు.

"చెయ్యి తట్టుకుంటా ఉండె రా. ఇంగ కొంచేపు ఉండింటే తెలిసిపోతా ఉండె."

ఇంటికొచ్చి బ్లేడుతో మూడో రింగు మీది పట్టు దారం కోశాను. కింద కర్ర నున్నగా ఉంది. గోరుతో గీరి చూశాను, బరువు కట్టి వంచి చూశాను. ఎక్కడా పగులు లేదు. రింగును మళ్ళీ పెట్టి దారం లాగితే, కర్రకు ఆనే దాని కాలు జరిగి అదే టిక్కు వినిపించింది.

పగులు ఉందనే అనుకోనిస్తే మామను కాపాడిన మేనల్లుడిగా మిగిలిపోవచ్చు. ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి చేశాను.

"మామా, కర్రకేమీ కాలేదు. చేపను పోగొట్టింది నా భయమే."



"సరే, మళ్ళా కట్టి పెట్టు," అన్నాడు. "వచ్చే ఆదివారం నేనొక్కణ్ణే పోతా."