గ్రామఫోన్ ముల్లు

నా చిన్నప్పుడు శామీర్‌పేటలోని మా ఇంట్లో చేపల వలలతో పాటు ఒక గ్రామఫోన్ కూడా ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. మా తాత సికింద్రాబాద్ దుకాణంలో ఆ పెట్టెలు బాగుచేసేవాడు. అక్కడే ఒకసారి మా మేనత్తను కూర్చోబెట్టి, ఆమె పాడిన బతుకమ్మ పాటను ఒక మెత్తని రికార్డు మీద పట్టించాడట. మరుసటి వానల్లో జ్వరమొచ్చి మేనత్త పోయింది.

అది మామూలు రికార్డులా గట్టిది కాదు, వేసినప్పుడల్లా కొంచెం అరిగేది. అందుకే ఏడాదికొక్కసారి, బతుకమ్మ మొదటిరోజున, తాత కొత్త ముల్లు పెట్టి వేసేవాడు. మేనత్తను కన్న మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది. ఆ ఒక్క పాట కోసం ఏడాదంతా ఎదురుచూసేది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ పాట నేర్చుకుని ఆటలో అందరి ముందూ పాడాలని ఆశ. అవ్వ చేపల గంపతో బయల్దేరగానే పెట్టె తెరిచేదాన్ని. ముళ్లు తగ్గితే తాతకు తెలుస్తుందని, మహా తెలివిగా, ఒకే పాత ముల్లుతో రోజూ వేశాను; మొద్దుబారిన ముల్లు రికార్డును గీకేస్తుందని నాకు తెలియదు. గొంతు సన్నబడుతుంటే పెట్టెకేదో అయిందనుకున్నాను. పాట నాకు నోటికొచ్చేసరికి రికార్డులో గరగర తప్ప ఏమీ మిగల్లేదు.

పండుగ రోజు అవ్వ ఆ గరగర విని తాత వైపు చూసింది. తాత ముళ్ల డబ్బాలో మొద్దుబారిన ముల్లును చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"నేనే పాడుజేసిన. బిడ్డ యాదికొచ్చి, పాత ముల్లుతోనే మల్ల మల్ల ఏసుకున్న," అన్నాడు అవ్వతో.

ఆ తర్వాత చాన్నాళ్లు అవ్వ తాతకు కంచం పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేది.

ఒకరోజు తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తిట్టకుండా మెల్లగా చెప్పాడు. "గా పాట ఇగ నీ తాననే ఉన్నది బిడ్డా. మీ అవ్వకు వినిపియ్యి."

ఎట్లా వచ్చిందని అవ్వ అడుగుతుందని భయం. రేపు, ఎల్లుండి అంటూ దాటేశాను. మరుసటి బతుకమ్మకు అవ్వ లేదు.

ఇప్పుడు కాలనీలో ఆడవాళ్లు సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టుకుని ఆడుతూ నన్నూ పాడమంటారు. మేనత్త ఊపిరి తీసుకున్న చోటుతో సహా పాటంతా నాకింకా గుర్తే. చప్పట్లు కొడతాను గాని పాడను. తాత నా తప్పును ఉన్నన్నాళ్లూ మోశాడు. నేను అవ్వ ముందు ఒప్పుకోవడానికి ఆ ఒక్క పాట పాడినంత సేపు చాలేది.