ఒడ్డు దిగని మామ

మా మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కోదాడలో, మా ఇంజనీరింగ్ కాలేజీ పరీక్ష హాల్లో ఉన్నాను. హాల్లో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తకూడదని మాకు నిబంధన. చేతిసంచిలో అది మూడుసార్లు వణికాక ఇక ఆగలేక వరండాలోకి వచ్చి ఎత్తాను. మామ కొడుకు.

“వదినా, నాయిన పోయిండు. ఇప్పుడే, సూర్యాపేట దవాఖానల.”

“దవాఖానల ఎందుకున్నడు?”

“మొన్నటి సంది గీడనే ఉన్నం. గుండెల నొప్పన్నడు. నీకు చెప్పొద్దన్నడు. కోడలుకు పరీక్షలు నడుస్తున్నయి, పరేషాన్ అయితదన్నడు.”

నాకు ముందు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సులో గంట ప్రయాణం. రెండు రోజులు అక్కడ మంచం మీద ఉండి, నాకు కబురు చేయకుండా ఆపి, చివరికి నా పరీక్షల గురించి ఆలోచించాడట ఈ మనిషి. నేను రాసే పరీక్షలా అవి? పిల్లలు రాస్తుంటే కాపలా కాసేదాన్ని. ఆ తేడా ఆయనకు ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. కానీ మా మామ నన్ను విసిగించినంతగా ఈ భూమ్మీద ఇంకెవరూ విసిగించలేదన్నది కూడా మంచిలో భాగమే కాబట్టి అదీ రాస్తాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. చివ్వెంల దగ్గర ఊరు, గొర్రెల కుటుంబం. ఊళ్లో వరికోతలు కాగానే మంద తోలుకుని మిర్యాలగూడ వైపు నడిచేవాళ్లు. అక్కడి రైతులు కోసేసిన పొలాల్లో ఎరువు కోసం మందను పెట్టించుకునేవారు. పదేళ్ల వయసులో ఒకసారి వేసవి సెలవులకు నేనూ కొంతదూరం వాళ్ల వెంట వెళ్లాను. మూసీ దాటాల్సి వచ్చింది. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. మంద దాటింది, కుక్కలు దాటాయి, మూటలు మోసే గాడిద దాటింది, నన్ను భుజాన వేసుకుని ఎవరో దాటించారు. మామ మాత్రం మేం బయల్దేరిన ఒడ్డునే నిలబడి ఉన్నాడు. మావైపు చూడడం లేదు. ఏటికి ఎగువకు చూస్తున్నాడు. మామను వదిలేసి వెళ్లిపోతున్నామేమో అని నేను గుక్కపట్టి ఏడ్చాను. ఎవరో సర్దిచెప్పారు. మందకు పెద్దమనిషైన వాడు అందరూ దాటేదాకా ఒడ్డు దిగకూడదట. మబ్బులేని పూట కూడా ఎక్కడో పడ్డ వాన ఏరై వస్తుందట. మా తాతల నాడు అలాగే ఒక వాగులో సగం మంద కొట్టుకుపోయిందట. ఆనాటి నుంచి వాళ్లలో అది కట్టుబాటు.

బాగానే ఉంది. ఏటి దగ్గర బాగానే ఉంది. కానీ మా మామ ఆ కట్టుబాటును ఆర్టీసీ బస్సు దగ్గర కూడా పాటించేవాడు. సూర్యాపేట బస్టాండులో అందరూ ఎక్కేదాకా కింద నిలబడి, తను ఎక్కేసరికి సీటు లేక నిలబడి ప్రయాణం చేసేవాడు. నా పెళ్లికి వెళ్లే బస్సులో అందరినీ ఎక్కించి, ఇంకా ఎవరో రావాలని వెతకడానికి వెళ్లి, తనే మిగిలిపోయాడు. తాళి కట్టాక ఆటోలో దిగాడు. “ఎనక ఎవలన్న ఉన్నరా సూడుండ్రి” అన్నది ఆయన ఊతపదం. భోజనాల దగ్గర, గుడి మెట్ల మీద, ఆఖరికి సినిమా హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు కూడా అదే మాట. మా పిల్లలు ఆయన్ను అనుకరించి నవ్వేవారు. నేను తల పట్టుకునేదాన్ని.

నాలుగేళ్ల కిందట మామా నేనూ చేసిన అమెరికా ప్రయాణం కూడా ఆ గొర్రెల వల్లే వచ్చింది. నల్లగొర్రెల మీద పనిచేసే ఒక సంస్థ, ఎడారిలో గొర్రెలు పెంచే నవాహో అనే తెగవాళ్ల దగ్గరకు మన కాపరులను కొందరిని తీసుకెళ్లింది. జిల్లా నుంచి మామ పేరు వెళ్లింది. తన మాట వాళ్లకూ, వాళ్ల మాట తనకూ చెప్పడానికి కోడలు వస్తేనే వస్తానని పట్టుబట్టాడు. నేను ఇంగ్లీషు లెక్చరర్ని. సెలవు దొరకడానికి నానా తిప్పలు పడ్డాను. కానీ నాకూ ఒక ఆశ ఉంది, దాచుకోను. నవాహోల నేలలో ఇసుకరాతి కొండను నీళ్లు కోసి చేసిన ఒక సన్నటి లోయ ఉంది. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. మెలికలు తిరిగిన ఎర్రటి గోడలు, పైనుంచి జారే వెలుతురు. దాని బొమ్మ మా స్టాఫ్ రూమ్‌లో నా కంప్యూటర్ తెర మీద అప్పటికి ఏడేళ్లుగా ఉంది. ఆ లోయను చూడడం కార్యక్రమంలో ఉందని తెలిశాకే నేను సరేనన్నాను.

అక్కడ వాళ్ల మనిషి వెంట లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు. మావాళ్లంతా ముందు బండిలో వెళ్లిపోయారు. అందరూ ఎక్కేదాకా కింద నిలబడిన పుణ్యాన మామా నేనూ వెనక బండిలో పడ్డాం. మా ఇద్దరం తప్ప మిగతా పదిమందీ వేరే వేరే దేశాలవాళ్లు. మమ్మల్ని తీసుకెళ్లిన గైడు అరవై దగ్గర పడ్డ నవాహో ఆమె. వాళ్ల తమ్ముడు బండి నడుపుతున్నాడు. ఇసుకలో బండి ఊగుతుంటే ఆమె, వాళ్ల నాయనమ్మ గొర్రెల మధ్యే తను పెరిగానని చెప్పింది. నేను మామకు చెప్పాను. ఇక చూడండి, ఇద్దరికీ నోరు ఆగలేదు. ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగితే ఏం చేస్తారు, తల్లి పాలివ్వకపోతే ఏం చేస్తారు అని ఆయన అడగడం, ఆమె చేతులతో చేసి చూపించడం. మధ్యలో నేను ఊపిరాడకుండా మాటలు మోస్తున్నాను. అప్పటిదాకా అంతా నిజాయితీగానే మోశాను.

లోయ ముందు బండి ఆపి ఆమె అందరికీ జాగ్రత్తలు చెప్పింది. ఇక్కడ వాన పడనక్కర్లేదు, ఎక్కడో కనపడనంత దూరంలో పడినా ఈ సందులోకి నీళ్లు గోడలా వస్తాయి, అందుకే నా మాట వినాలి అని. ఆ ముక్క కూడా పొల్లుపోకుండా మామకు చెప్పాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే.

మామ ఆగిపోయాడు.

“అయితే నేను గీడ ఉంట. మీరు పోండ్రి.”

“మామా, ఇది వాగు గాదు. ఒక్క సుక్క నీళ్లు లేవు.”

“ఆమెనే చెప్పె గద, యాడనో పడ్డా వస్తదని. మీరంత బయటికొచ్చేదాక నేను ఎగువకు సూస్త. ఆమెకు చెప్పు. పదిమందిని ఎంటేసుకుని లోపలికి పోతున్నది, బయట ఒకలుండాలె.”

“గాళ్లు మనోళ్లు గాదు మామా!”

“ఎవలైతేంది? మనుషులే గద.”

పదిమందీ మమ్మల్నే చూస్తున్నారు. ఒకతను గడియారం చూసుకున్నాడు. గైడు నా దగ్గరికి వచ్చి, ఏమంటున్నాడని అడిగింది. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. చెప్పాల్సింది నాలుగు వాక్యాలు, అంతే. మా దగ్గర ఇలా ఒక కట్టుబాటు ఉంది, ఈయన మీ కోసం కాపలా ఉంటానంటున్నాడు అని. కానీ నాకు సిగ్గేసింది. ఈ నేలలో పుట్టి పెరిగిన మనిషికి చివ్వెంల నుంచి వచ్చి నీళ్ల సంగతి నేర్పుతున్నట్టు ఉంటుందని అనిపించింది. అందరిముందు మా మామ చాదస్తాన్ని ఇంగ్లీషులో వివరించడం నాకు చిన్నతనం అనిపించింది. అన్నింటికన్నా, అప్పటికే నాకు చిర్రెత్తుకొచ్చింది.

“ఆయనకు తల తిరుగుతోందట” అని చెప్పాను.

ఆమె ముఖం వెంటనే మారిపోయింది. మామ మోచేయి పట్టుకుని నడిపించి బండి నీడలో కూర్చోబెట్టింది. తన సీసాలోంచి నీళ్లిచ్చింది. భుజం మీద చేయి వేసి ఏదో నెమ్మదిగా చెప్పింది.

“ఏమంటున్నది?” అన్నాడు మామ.

“కూసోమంటున్నది.”

“నేను చెప్పింది చెప్పినవా?”

“చెప్పిన.”

మామ ముఖం వెలిగిపోయింది.

తల తిరిగే పెద్దాయనను ఒంటరిగా వదలకూడదు కాబట్టి నేనూ ఉండిపోవాల్సి వచ్చింది. పదిమందిని తీసుకుని ఆమె లోపలికి వెళ్లింది. నేను లోయ మొదట్లో మొదటి మెలిక దాకా వెళ్లి, తల లోపలికి పెట్టి, ఎర్రగా కనపడిన కొంచెం గోడను చూసి వెనక్కి వచ్చాను. ఏడేళ్ల నా ఆశకు దక్కింది అంతే. వెనక్కి వచ్చేసరికి మామ బండి ఎక్కి నిలబడి, కంటికి చేయి అడ్డం పెట్టుకుని ఎగువకు చూస్తున్నాడు.

“నీతోని వచ్చుడే నా తప్పు” అన్నాను. “నా బతుకుల ఒక్కటి సూద్దామనుకున్న, అదీ సూడనియ్యకపోతివి.”

“నువ్వు పోరాదు బిడ్డా, నేనున్న గద గీడ” అన్నాడు, తల తిప్పకుండానే.

గంట తర్వాత వాళ్లు బయటికి వచ్చారు. వాన లేదు, వరద లేదు. అందరి ముఖాలూ లోపల చూసిన వెలుతురుతో కళకళలాడుతున్నాయి. మామ బండి దిగి, గైడుకు ఎదురెళ్లి, రెండు చేతుల పది వేళ్లూ విప్పి చూపించాడు. అందరూ వచ్చారని లెక్క అప్పజెప్పడం అది. ముసలాయన కోలుకున్నాడు పాపం అనుకుందేమో, ఆమె నవ్వి ఆ రెండు చేతులూ పట్టుకుంది.

ఇక ఇంటికొచ్చాక ఆయన చెప్పని చోటు లేదు. పెళ్లిళ్లలో, సూర్యాపేట మార్కెట్ యార్డులో, టీ కొట్టు దగ్గర, మిర్యాలగూడ రైతుల అరుగుల మీద. విమానం గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. “గొర్లోళ్ల బాధ గొర్లోళ్లకే ఎరుక. నేను కాపలుంట అన్న. ఆమె కాదనలే. నీడకు కూసోబెట్టింది, తన నీళ్లు నాకిచ్చింది. లెక్క చెప్తే చెయ్యి పట్టుకున్నది. అడుగుండ్రి, మా కోడలున్నది సాక్ష్యం.” అందరూ నావైపు తిరిగేవారు. నేను తలూపేదాన్ని.

నాలుగేళ్లు తలూపాను. మొదట్లో ఆయన మీద కోపం వచ్చేది, ఎన్నిసార్లు చెబుతాడు అని. తర్వాత ఆ కథ మొదలవగానే ఏదో పనున్నట్టు లేవబోయేదాన్ని. చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేశాను. ఆఖరికి ఆయన ఉండే చోటికి వెళ్లడమే తగ్గించాను. కాలేజీ, పరీక్షలు, పేపర్లు దిద్దడం అని సాకులు చెప్పాను. ఆ సాకులే ఆయన నమ్మి, దవాఖానలో మంచం మీద నుంచి నాకు కబురు చేయవద్దన్నాడు. నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో ఇక్కడ రాయడం చేతకావడం లేదు.

నన్ను ఇప్పటికీ తినేస్తున్నది అబద్ధం ఒక్కటే కాదు. ఆమెకు నేను నిజం చెప్పి ఉంటే ఏమనేదో? దూరాన పడే వానకు భయపడే మనుషులే వాళ్లూ. బహుశా వాళ్లలోనూ ఎవరో ఒకరు ఎగువకు చూస్తూ ఉంటారని చెప్పేదేమో. ఆ మాట వింటే మామ ధైర్యంగా లోపలికి నడిచేవాడేమో. వాళ్లిద్దరూ మాట్లాడుకోవాల్సిన అసలైన మాట అది. దాన్ని నా సిగ్గు కోసం నేను తుంచేశాను. మామను అన్నాను గానీ, లోయను నన్ను చూడనివ్వనిది నా నోరే.

దినాలకు ముందురోజు అత్త పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని చెప్పేశాను. “అత్తా, ఆనాడు మామ మాట నేను ఆమెకు చెప్పలే. తల తిరుగుతున్నదని చెప్పిన. గందుకే నీళ్లిచ్చింది.”

అత్త చెయ్యి ఆగింది. “ఆయనకు చెప్పినవా?”

“లే.”

“నాలుగేండ్ల సంది?”

“లే అత్తా.”

“మరి నాకెందుకు చెప్తున్నవ్? ఇన్నొద్దులు నువ్వు మోసినవ్, ఇగ నేను మొయ్యాల్నా?”

ఆమె మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. ఓదార్చలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మిర్యాలగూడ నుంచి జీపులో ఆరుగురు రైతులు వచ్చారు. ముప్పై ఏళ్లు తమ పొలాల్లో మామ మందను పెట్టించుకున్నవాళ్లు. భోజనాలయ్యాక వాళ్లలో బాగా పెద్దాయన, అమెరికాలో గొర్ల ఆమె కథ ఇంకొక్కసారి వినాలని ఉంది, చెప్పే మనిషే లేకపాయె అన్నాడు. నేను లేచి లోపలికి వెళ్లబోయాను. అత్త గడప మీద కూర్చుని తనే చెప్పడం మొదలుపెట్టింది. మామ చెప్పినట్టే చెప్పింది. కాపలా, నీడ, నీళ్లు, పది వేళ్లు, ఆమె చెయ్యి పట్టుకోవడం, ఏదీ వదలలేదు. చెప్పి, నా కళ్లలోకి సూటిగా చూసింది.

“గంతే గద బిడ్డా?”

“గంతే అత్తా” అన్నాను.

ఆ పెద్దాయన కర్ర ఊతంతో లేచి నా దగ్గరికి వచ్చాడు. మట్టిపని చేసి గరుకుబారిన చెయ్యి నా తల మీద పెట్టాడు. “మావోని మాట అంత దూరం పోయి ఆమెకు సమజయ్యేటట్టు చెప్పినవ్ బిడ్డా. సల్లగుండు” అన్నాడు. ఆయన చెయ్యి తీసేదాకా నేను తల ఎత్తలేదు.