ఓడ ఊగితే టాబ్లెట్ నిలవదు

ముప్పై ఏళ్ళు సముద్రం మీద బతికాను. ఒక్క టాబ్లెట్ నోట్లో వేసుకోలేదు. బంగాళాఖాతం సంగతి ఎరిగినవాళ్ళకే ఈ మాట బరువు తెలుస్తుంది. తుపాను వేళ ఓడ నిట్టనిలువునా లేచి పడుతుంటే, వంటగదిలో గిన్నెలూ గదుల్లో మనుషులూ కలిసి దొర్లుతుంటే, నేను మాత్రం ఒక చేత్తో చుక్కాని పట్టుకుని రెండో చేత్తో పెరుగన్నం తిన్నవాణ్ణి.

ఇందులో కొంత సాగదీత ఉంది. ఎంత సాగిందో తర్వాత చెబుతాను. ముందు ఈ మాట ఎక్కడ తిరిగి ఎక్కడ పడిందో చెప్పాలి.

దేశం కాని దేశంలో, డ్రోహెడా అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాం, నేనూ మా ఆవిడా. అమ్మాయి ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు. అల్లుడు పొద్దున్నే డబ్లిన్ రైలెక్కే కంప్యూటర్ మనిషి. వాళ్ళిద్దరికీ నా కథలు వినే తీరిక లేదు. మా ఆవిడకి తీరిక ఉంది గానీ ఓపిక అయిపోయింది. ఇక మిగిలింది మనవరాలు. చిన్నప్పుడు, వాన పట్టి బయటికి పోలేని మధ్యాహ్నాల్లో, అది ఉతికిన బట్టల బుట్టలో కూర్చునేది. బుట్ట ఓడ. చపాతీ కర్ర దుర్భిణి. నేను కెప్టెన్ని. కుర్చీకీ బల్లకీ మధ్య ఎన్ని రేవులు తిప్పానో దాన్ని! నా తెలుగంతా వినేది, జవాబు మాత్రం డ్రోహెడా ఇంగ్లీషులో ఇచ్చేది. నాకు సగం అర్థమయ్యేది. ఓడ నడపడానికి ఆ సగం సరిపోయేది.

పిల్లలు పెరుగుతారు. బుట్టలో పట్టడం మానేసింది. బడి నుంచి వచ్చి "హాయ్ తాతా" అని మేడెక్కేది, మర్నాడు "బై తాతా" అని దిగిపోయేది. ఆ రెండింటి మధ్య చెవుల్లో ఏవో పెట్టుకుని ఉండేది. నేను మెట్ల కింద నిలబడి ఏదో ఒక వంక కోసం చూసేవాణ్ణి. నా దగ్గర ఇంకా చెప్పని రేవులు చాలా ఉన్నాయి.

అలాంటిది, స్కూలు ఆఖరి పరీక్షలు అయ్యాక ఒకరోజు టీ బల్ల దగ్గర చెప్పింది: కార్క్ వైపు ఉన్న మారిటైం కాలేజీలో చేరతాను, ఓడల్లో ఆఫీసరు చదువు, సీటు కూడా వచ్చింది అని. అల్లుడు టీ కప్పు కింద పెట్టాడు. అమ్మాయి నా వైపు తిరిగింది.

"నాన్నా, ఇదంతా నీ వల్లే."

తిట్టుగానే అంది. నేను దండలా మెళ్ళో వేసుకున్నాను.

తర్వాత కాలేజీ వాళ్ళు కొత్త పిల్లలకి ఒక కబురు పంపారు. టాబ్లెట్ అయినా, లాప్‌టాప్ అయినా, ఒకటి కాలేజీ ద్వారా ఇస్తారు. ఏది కావాలో శుక్రవారం లోపు చెప్పాలి, చెప్పాక మార్చుకోవడం ఉండదు. ఈ కబురు నా దాకా రాలేదు. నాకు తెలిసిందల్లా మా అమ్మాయి భయం. పిల్లకి ఓడ మీద కడుపులో తిప్పితే ఎలా అని అదే పనిగా మథనపడి, వాంతులు ఆగడానికి ఏవో టాబ్లెట్లు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. మా ఇంట్లో టాబ్లెట్ అంటే ఒకటే అర్థం. నాది బీపీకి, మా ఆవిడది షుగరుకి. పిల్ల బడికి మోసుకెళ్ళిన ఆ అద్దం పలకని మేము ప్యాడ్ అనేవాళ్ళం. దానికి టాబ్లెట్ అనే పేరు కూడా ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఆ మంగళవారం నేను కడిగిన ప్లేట్లు తుడిచి ప్రెస్‌లో పెడుతున్నాను. ఇక్కడ అలమారని ప్రెస్ అంటారు. ఆ మాట వింటే మా ఆవిడకి ఇప్పటికీ ఇస్త్రీ బట్టలే గుర్తొస్తాయి. మనవరాలు మేడ దిగి వచ్చి, పాలు పోసుకుంటూ అడిగింది.

"తాతా, ఓడ మీద టాబ్లెట్ మంచిదేనా? వాట్ డూ యూ థింక్?"

ఆ ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగరు. బిళ్ళ వేసుకున్నావా, తలుపు వేశావా, ఇవి ప్రశ్నలు కావు, హాజరు వేయడం. ఇది ప్రశ్న. అదీ ఓడ గురించి. నన్ను. చేతిలో ప్లేటు పక్కన పెట్టేశాను.

"టాబ్లెట్టా? దాని జోలికే పోకు తల్లీ. ఒకసారి అలవాటైతే అది లేకుండా ఓడెక్కలేవు. పైగా అది ఉంటే నిద్ర ముంచుకొస్తుంది, డ్యూటీ ఏం చేస్తావు? అసలు ఓడ ఊగడం మొదలెట్టాక టాబ్లెట్ నిలవదమ్మా. వచ్చి బయట పడుతుంది."

"పడిపోతుందా? రియల్లీ?"

"ఎంతమందికి పడిందో కళ్ళారా చూశాను. తర్వాత డెక్కంతా కడుక్కోవడం."

పిల్ల పాలగ్లాసు పట్టుకుని నన్నే చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"యూ ఆర్ గ్యాస్, తాతా!"

మా వైజాగులో గ్యాస్ కొట్టడమంటే కోతలు కొయ్యడం. ఇన్నేళ్ళకి దొరికిపోయానురా భగవంతుడా అనుకున్నాను. అది మేడెక్కిపోయాక మా అమ్మాయిని అడిగితే, "నవ్వించే మనిషిని ఇక్కడ గ్యాస్ అంటారు నాన్నా, మెచ్చుకుంది నిన్ను" అంది. ఊపిరి పీల్చుకున్నాను. రెండర్థాల్లోనూ నాకు సరిపోయే మాటని మాత్రం అప్పుడే తోచింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అసలు సంగతి తెలిసింది.

"టాబ్లెట్ వద్దన్నావంట కదా నాన్నా," అంది అమ్మాయి, "ఎందుకూ? తేలిగ్గా ఉంటుంది, చేత్తో పట్టుకుని ఓడంతా తిరగొచ్చు, పెన్నుతో మ్యాపుల మీద గీసుకోవచ్చు. దీని స్కూలు ప్యాడ్ లాంటిదేగా."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. పిల్ల అడిగింది ఆ అద్దం పలక గురించా!

"నేను మొదట్నుంచీ చెప్తున్నా," అన్నాడు అల్లుడు, "రిపోర్టులు ఆ అద్దం మీద ఎవడు టైప్ చేస్తాడు? లాప్‌టాపే."

"మీకు అన్నీ మీ ఆఫీసు లాగే కనపడతాయి."

ఇద్దరూ ఈ విషయం మీద వారంగా పోట్లాడుకుంటున్నారని అప్పుడే తెలిసింది నాకు. మనవరాలు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. తాత ముప్పై ఏళ్ళు సముద్రం మీద ఉన్నాడు, ఓడ ఊగితే టాబ్లెట్లు కిందపడి పగుల్తాయట, తాత కళ్ళారా చూశాడట, ఇంక మాట్లాడొద్దు అని ఇంగ్లీషులో తీర్పు చెప్పేసింది. అల్లుడు నా కంచంలో అప్పడం వేశాడు. ఎప్పుడూ వెయ్యడు.

మా ఆవిడ పులుసు గరిట పట్టుకుని నన్ను ఒక్క చూపు చూసింది. నోరు విప్పాల్సిన సమయం అదే. నేను ఇంకొంచెం పులుసు అడిగాను.

మర్నాడంతా నాకు స్థిమితం లేదు. నా కథల వల్ల ఇంతవరకు ఎవరికీ నష్టం జరగలేదు. బుట్టలో పిల్ల నవ్వేది, అంతే. ఇప్పుడు అదే పిల్ల నా మాట పట్టుకుని వస్తువు ఎంచుకుంటోంది. వస్తువు సంగతి అలా ఉంచితే, బతుకునే ఎంచుకుంది. నిజం చెబితే, మెట్ల కింద ఎదురుచూసి ఎదురుచూసి సంపాదించుకున్న ఆ ఒక్క ప్రశ్న పోతుంది. చెప్పకపోతే శుక్రవారం దాటిపోతుంది.

గురువారం సాయంత్రం దాన్ని బోయ్న్ నది వెంట నడకకి రమ్మన్నాను. ఎందుకో చెవుల్లోవి తీసేసి వచ్చింది. గాలి బాగా వీస్తోంది. కలప వేసుకున్న చిన్న సరుకు ఓడ ఒకటి సముద్రం వైపు నుంచి ఏటికి ఎదురు వస్తోంది, ముందు చిన్న బోటు దారి చూపిస్తోంది.

"తల్లీ, మొన్న నేను చెప్పింది ఆ టాబ్లెట్ గురించి కాదు."

"మరి ఏది?"

"వాంతులకి వేసుకునేది. అమ్మ తెచ్చి బల్ల మీద పెట్టిందే, అది."

పిల్ల నడక ఆపింది. నా మాటలు ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకుంటున్నట్టు దాని పెదాలు కదిలాయి. అలవాటు. నిద్ర. బయటికొచ్చి పడటం.

"అయితే ఆ డెక్కు కడుక్కోవడం..."

"అదే."

గట్టు మీది ఇనుపకమ్మీ పట్టుకుని వంగిపోయి నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. బుట్టలో ఉన్నప్పటి నవ్వు. ఎన్నేళ్ళయిందో ఆ నవ్వు విని! ఆ ధైర్యంతో రెండోది కూడా చెప్పేశాను.

"నేను కెప్టెన్ని కాదమ్మా. చుక్కాని పట్టలేదు. పోర్టులో టగ్గు మీద పని చేశాను. టగ్గంటే చూడు, ఆ ముందున్న బోటుకి అన్నలాంటిది. పెద్ద ఓడకి మోకు కట్టి కాలువలోంచి బయటికి లాగుతాం. యారాడ కొండ దాటాక మోకు విప్పేస్తాం. అది వెళ్ళిపోతుంది, మేము వెనక్కి తిరుగుతాం. సాయంత్రానికి ఇంట్లో అన్నం."

నవ్వు ఆగింది. ఏరు సముద్రంలో కలిసే వైపు చెయ్యి చూపించింది.

"అయితే అటు ఎప్పుడూ వెళ్ళలేదా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదమ్మా."

ఏమనుకుందో తెలియదు. కలప ఓడ మా ఎదురుగా దాటి వెళ్ళింది. నేను అలవాటు కొద్దీ దాని వెనకభాగం చూశాను. అక్కడ ఓడ పేరూ, దాని కింద అది ఏ ఊరిదో ఆ పేరూ రాసి ఉంటాయి. నా భూగోళమంతా అలా చదువుకున్నదే. మోకు విప్పాక ఓడ దూరమవుతుంటే ఆ అక్షరాలు చిన్నవైపోతాయి. చివరి అక్షరం కలిసిపోయేదాకా చదువుతూ నిలబడేవాణ్ణి. అలా చదివిన ఊళ్ళన్నీ చూసొచ్చిన ఊళ్ళలా చెప్పాను దీనికి. ఆ ఊళ్ళ మీద మోజు ఇప్పటికీ తీరలేదు. ఈ వయసులో ఇంత ఆశ సిగ్గుగానే ఉంటుంది, కానీ ఉంది.

"సరే," అంది మనవరాలు, "ఇప్పుడు చెప్పు తాతా. టాబ్లెటా, లాప్‌టాపా?"

"నాకు తెలీదమ్మా."

ఈ మాట నా నోటివెంట రావడం నేనే వింతగా విన్నాను.

"నాకు తెలుసు. సరుకు ఎక్కడ ఎంత వేస్తే ఓడ ఎటు ఒరుగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం ఉంటుంది. అది టాబ్లెట్‌లో నడవదు. లాప్‌టాప్ అని సోమవారమే చెప్పేశాను."

దాని ఇంగ్లీషుకి నా తెలుగు ఇది. దాని మాటల్లో ఇంకా ధీమాగా ఉంది.

"మరి నన్నెందుకు అడిగావే?"

"అడక్కపోతే అలుగుతావు కదా. పైగా అమ్మా నాన్నా గొడవ ఆపాలంటే ఒక కెప్టెన్ కావాలి."

దొంగపిల్ల. ఎవరి పోలికో చెప్పక్కర్లేదు. తేలికపడ్డాను, దాంతోపాటే ఏదో చేజారినట్టూ అనిపించింది. నా మాట మీద ఏదీ ఆధారపడి లేదన్నమాట.

"కాలేజీ సంగతి కూడా నువ్వే తేల్చుకున్నావా అయితే?"

పైకి పోతున్న ఓడ వైపు చూస్తూ నిలబడింది.

"అది మాత్రం నీ వల్లే," అంది తెలుగులో. "ఆ బట్టల బుట్ట."

సెప్టెంబరులో వెళ్ళిపోయింది. లాప్‌టాప్ దానితో వెళ్ళింది. మూల పగిలిన పాత స్కూలు ప్యాడ్ నాకిచ్చి వెళ్ళింది, అందులో ఓడల మ్యాపు పెట్టి మరీ. లోకంలో ఉన్న ఓడలన్నీ అందులో చిన్న చిన్న బాణాల్లా కదులుతుంటాయి. వేలితో తాకితే పేరూ, ఊరూ వస్తాయి. ఇప్పుడు అక్షరాలు చిన్నవైపోవు. కార్క్ దగ్గర ఒక బాణం కదిలితే అందులో మా పిల్ల లేదని తెలుసు, వచ్చే ఏడాది గాని ఓడెక్కించరట. అయినా చూస్తాను. తర్వాత వేలితో లోకాన్ని పక్కకి జరిపి వైజాగు తెస్తాను. కొండ దాటాక బయట లంగరు వేసి ఆగిన ఓడల్ని చూస్తాను. ఓడ మీద టాబ్లెట్ నిలుస్తుందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. మా ఇంట్లో మాత్రం నిలిచింది.

ఇదంతా రాసి, నిన్న మా ఆవిడకి వినిపించాను. చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ విన్నది. టగ్గు దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి. చదవడం అయ్యాక అంది:

"టగ్గేటండీ టగ్గు! మీరు పోర్టు స్టోర్సులో మోకులూ పెయింటు డబ్బాలూ ఇచ్చే గుమాస్తా. డ్యూటీ అయ్యాక ఇంటికి రాకుండా జెట్టీ మీద నిలబడి ఓడల్ని చూసీవోరు, ఇంట్లో అన్నం చల్లారిపోయీది. టగ్గెక్కింది ఒక్కసారి, అదీ మీ స్నేహితుణ్ణి బతిమాలుకుని. ఆ ఒక్కసారికీ వాంతులవుతాయని భయపడితే టాబ్లెట్ వేసి పంపింది నేను."