బొండాం నీళ్ళు

కరోనా వచ్చిన ఏడాది రాజమండ్రిలో మా పిల్లల ఐసీయూ బోసిపోయింది. మామూలుగా అయితే వానాకాలంలో దగ్గులతో, ఆయాసాలతో ఒక్క మంచం ఖాళీ ఉండేది కాదు. బడులు మూశారు, జలుబులు అంటుకోవడం తగ్గింది, మంచిదేగా అనేవాళ్ళు తోటి నర్సులు. నాకు మాత్రం ఆ ఖాళీ మంచాలు చూస్తే గుబులుగా ఉండేది. జబ్బులన్నీ కట్టగట్టుకుని సెలవు పెట్టవు కదా. రావలసిన పిల్లలు కొందరు ఇళ్ళలోనే ఉండిపోతున్నారని నా అనుమానం.

ఒకరోజు పొద్దున్నే కొవ్వూరు అవతల పల్లె నుంచి ఒక రైతు ఏడేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. వెనకాల తల్లి, చేతిలో బరువైన సంచి. పిల్ల కళ్ళు తెరవడం లేదు, ఊపిరి ఎగబీలుస్తోంది. కొన్నాళ్ళుగా ఒకటే దాహమట, బాగా చిక్కిపోయిందట. ఆయాసం మొదలవగానే కరోనా అనుకుని హడలిపోయారు. బయటికి తెలిస్తే వీధికి అడ్డంగా వెదురుబొంగులు కట్టేస్తారని, ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్న ఆశా కార్యకర్తకు అందరం బాగున్నామని చెప్పి, పిల్లను వెనక గదిలో దాచారు.

నేను వంగి చూస్తే పిల్ల నోట్లోంచి మగ్గిన పళ్ళ వాసన వచ్చింది. వేలు గుచ్చి చుక్క రక్తం పెడితే మిషన్ అంకె కూడా చూపించలేకపోయింది, అంత షుగర్. కరోనా పరీక్షలో ఏమీ లేదు. డాక్టరు గారు ఇన్సులిన్ మొదలుపెట్టి, రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నారు.

కరోనా కాదనగానే, ఆ మాట ఊరికి ఫోన్ చేసి చెప్పడానికి తండ్రి బయటికి పరిగెత్తాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల చావుబతుకుల్లో ఉంటే వీధి గొడవ ఏంటి ఈ మనిషికి?

దాహానికి ఏమిచ్చారని తల్లిని అడిగాను. ఆమె సంచి విప్పి చూపించింది. పెరటి చెట్టు బొండాలు, గ్లూకోజు పొడి. చలవ చేస్తుందని అడిగినప్పుడల్లా పోసిందట. వాటిలోనూ చక్కెరే ఉంటుందని, ఇవ్వకూడదని చెప్పక తప్పలేదు. ఈ జబ్బు మీవల్ల వచ్చింది కాదమ్మా అని కూడా అన్నాను. ఆ రెండో మాట ఆమెకు ఎక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల కళ్ళు తెరిచి, "అమ్మా, నీళ్ళు" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కొద్దికొద్దిగా పట్టొచ్చని డాక్టరు గారు చెప్పడంతో గ్లాసులో మంచినీళ్ళు పోసి తల్లికి అందించాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"మీరే పట్టండి సిస్టర్ గారూ. నా చేత్తో వద్దండి."